మెదక్ అద్దాలకూ డోర్నకల్ బల్లకూ మధ్య

మెదక్ చర్చి కిటికీల రంగుటద్దాల బొమ్మలు చూడాలంటే వెలుతురుండగానే చేరాలి. పొద్దుగూకాక వెళితే కనబడేవి నల్లటి కిటికీలే. లోపల ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు, వెలుగు బయటినుంచి రావాలి. గుంటూరులో బయల్దేరిన మా టెంపోలో తగాదా అంతా దీని చుట్టూనే తిరిగింది.

బండిలో పద్నాలుగు మంది, వేర్వేరు క్రైస్తవ శాఖల వాళ్లం. లూథరన్లు ఆరుగురు (గుంటూరులో వాళ్లే ఎక్కువ కదా మరి), సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు నలుగురు, బాప్టిస్టు దంపతులు, ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) దంపతులు. శనివారం ఖమ్మం, ఆదివారం డోర్నకల్‌లో ఆరాధన, సాయంత్రానికి మెదక్, రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణం. ఈ ప్లాను వేసింది లూథరన్ సంఘానికి చెందిన రిటైర్డు మాస్టారు. డబ్బు సంచీ సి.ఎస్.ఐ. ట్రెజరర్ గారి దగ్గర. ప్లాను ఒకరిది, సంచీ ఇంకొకరిది. అక్కడే ఉంది చిక్కు.

బండి మాట్లాడేటప్పుడు అందరూ కిలోమీటరు రేటు దగ్గరే ఆగిపోతారు. మాకు కిలోమీటరుకు 22 రూపాయలు పడింది. తిరిగినా తిరగకపోయినా రోజుకు 300 కిలోమీటర్లకు కట్టాల్సిందే. డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ వేరే. కోదాడ లోపే కాజ, కీసర, చిల్లకల్లు టోల్ గేట్లు తగులుతాయి. ఆంధ్రా బండి తెలంగాణలోకి వెళ్లడానికి పర్మిట్ ఖర్చు ఎవరిదో కూడా ముందే అడగాలి. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండి అయితే ఆ బాధ లేదు. ఇవన్నీ అడిగారు. అడగనిది ఒక్కటే మిగిలింది, దాని సంగతి తర్వాత.

ఖమ్మంలో రాత్రి గురించి చెప్పడానికి దోమలు తప్ప ఏమీ లేవు. పొద్దున టిఫిన్ దగ్గర మాస్టారు లెక్క తీశారు. ప్రసంగం అయిపోగానే లేచి 11 గంటలకు బండెక్కితే, వరంగల్, సిద్దిపేట మీదుగా మెదక్‌కు సుమారు 270 కిలోమీటర్లు. మధ్యలో భోజనం కలుపుకున్నా ఐదున్నరకు చేరొచ్చు. జనవరి గనుక ఆరు దాటితే చీకటి. ట్రెజరర్ గారు ఇడ్లీ ముక్క ప్లేటులో పెట్టేసి, “ఈవాళ సంస్కారం ఉంది మాస్టారూ. బల్ల పరిచాక లేచి పోతామా?” అన్నారు. సంస్కారం అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం. “మీరు తీసుకుంటారు, సరే. మాలో సగం మంది కూర్చుని చూడ్డమేగా!” అని వెనక టేబులు నుంచి ఎవరో అందుకున్నారు. తర్వాత డోర్నకల్ దాకా ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో. మాటల్లేవు.

డోర్నకల్ అంటే చాలామందికి రైలు జంక్షనే, కాజీపేట–విజయవాడ లైను మీద భద్రాచలం రోడ్డు బ్రాంచి విడిపోయే చోటు. అక్కడి ఎపిఫనీ కేథడ్రల్‌ను (బిషప్ గారి చర్చిని) చూస్తే మాత్రం కాస్త తికమక పడతాం. గుమ్మటాలూ మీనార్లూ మసీదులా ఉంటాయి, లోపలి స్తంభాలు గుడి మండపంలా ఉంటాయి. 1939లో ప్రతిష్ఠించారు. కట్టించిన బిషప్ అజరయ్య తిరునెల్వేలి వైపు తమిళుడు, 1912లో అభిషేకం పొందిన మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి శాఖ) బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరో ప్రపంచ మిషనరీ సభలో మిషనరీల ముఖం మీదే చెప్పారాయన: బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని. తెల్లవాళ్లను అలా అడిగి ఊరుకోలేదు. ఇక్కడి సంఘాల్లో మాల, మాదిగ తేడాలు బల్ల దగ్గరికి రాకూడదని సొంత జనంతోనూ పట్టుబట్టారు. రెండోదే కష్టమైన పని అని నా అభిప్రాయం.

ప్రసంగం అయింది. మాస్టారు గడియారం చూశారు. ఆయన లేచేలోపే అయ్యగారు (పాస్టరు) సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకోవడానికి అందరినీ నిలబెట్టేశారు.

సి.ఎస్.ఐ. ఆరాధన క్రమం 1950లో వచ్చింది. అందులో ఈ ఘట్టం కానుకలకు ముందు ఉంటుంది. సహోదరునికి నీమీద విరోధమేమైనా ఉంటే అర్పణ విడిచి ముందు సమాధానపడమని మత్తయి ఐదో అధ్యాయంలో ఉంది కదా, వరుస దానికి తగ్గట్టే ఉంటుంది. బల్ల దగ్గర అయ్యగారు సమాధానాన్ని సహాయకులకు ఇస్తారు. వాళ్లు దిగివచ్చి వరుస చివర ఉన్నవారికి ఇస్తారు. అక్కడినుంచి చేయీ చేయీ మారుతూ పోతుంది. ఇచ్చేవారి కుడి అరచేయి పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనాలి, ఇద్దరూ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూయాలి. అందుకని నాలుగు చేతులూ ఖాళీగా ఉండాలి. కీర్తనల పుస్తకం, సెల్‌ఫోను పక్కన పెట్టాల్సిందే. చాలాచోట్ల ఇది వట్టి షేక్‌హ్యాండ్‌గా, దూరంనుంచి ఒక నమస్కారంగా తేలిపోయింది. షేక్‌హ్యాండ్ అయితే ముఖం చూడకుండా కానిచ్చేయొచ్చు, ఇలా పట్టుకుంటే కుదరదు. ఇంకో లోపం కూడా ఉంది. మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు కూర్చునే గుళ్లలో మొగుడూ పెళ్లాల పోట్లాటకు ఈ ఘట్టం ఏమాత్రం పనికిరాదు.

మా వరుస చివర ఉన్నది ట్రెజరర్ గారు. ఆయన పక్కన మాస్టారు. ఇవ్వక తప్పదు, పుచ్చుకోక తప్పదు. ట్రెజరర్ గారు చేయి చాపారు. మాస్టారి చేతిలో కళ్లజోడు పెట్టె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒక క్షణం తడబడి చంకలో ఇరికించుకున్నారు. చేతులు కలిశాయి. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు లేదు. వెంటనే సంఘమంతా “సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు! ఎంత మనోహరము!” అని అందుకుంది. మాస్టారు కూర్చున్నారు. మళ్లీ గడియారం చూడలేదు.

బల్లకు లూథరన్లు వెళ్లారు, బాప్టిస్టు దంపతులూ వెళ్లారు. ఆర్.సి.ఎం. దంపతులు తలవంచుకుని కూర్చుండిపోయారు, వాళ్ల సభ నియమం ఒప్పుకోదు. ఇలాంటి కలగలుపు గుంపుతో వెళ్లేవాళ్లు ఎవరు వస్తారో, ఎవరు రారో ముందే అయ్యగారి చెవిన వేయడం మంచిది. లేకపోతే “రండి, రండి” అని పక్కవాళ్లు పిలవడం, రానివాళ్లు ఇబ్బంది పడడం. మరుసటి వారం మనవాళ్లు వాళ్ల గుడికి వెళ్తే ఇదే సీను తిరగబడుతుంది. పసిబిడ్డగా బాప్తిస్మం పొందినవారిని బల్లకు రానివ్వని బాప్టిస్టు సంఘాలూ ఉన్నాయి.

అక్కడ కూర్చుని, వేర్వేరు శాఖలు కలిసి సి.ఎస్.ఐ. అయిన 1947 గురించి ఆలోచించాను. 1919 మే నెలలో తమిళనాట తరంగంబాడిలో ఆ శాఖల వాళ్లు 33 మంది కూర్చుని ఏకమవుదామన్నారు. వాళ్లలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే, అజరయ్య వాళ్లలో ఒకరు. అది జరగడానికి 28 ఏళ్లు పట్టింది. ఆలస్యమంతా ఒకే ముడి దగ్గర. బిషప్ తలమీద చేతులుంచి అభిషేకించని పాస్టరు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా? చెల్లదంటే ఇక్కడ బిషప్పులు లేని మెథడిస్టుల, యునైటెడ్ చర్చి వాళ్ల పరిచర్యను కించపరచినట్టు. చెల్లుతుందంటే ఆంగ్లికన్ల మనస్సాక్షికి ముల్లు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ఇకమీదట బిషప్పులుంటారు, కొత్త అభిషేకాలు వారి చేతుల మీదుగానే. అప్పటికే ఉన్న పాస్టర్లకు మళ్లీ అభిషేకం అక్కర్లేదు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి పట్టని పాస్టరును రుద్దరు. ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే సాగడానికి 30 ఏళ్ల గడువు. ప్రతివాళ్లూ ఏదో ఒకటి వదులుకున్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లో ఐక్యత జరిగింది. అజరయ్య 1945 జనవరి 1నే వెళ్లిపోయారు. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది ఒప్పుకోక ఏళ్ల తరబడి విడిగానే ఉండిపోయారు.

గుడి బయటికి వచ్చేసరికి పన్నెండున్నర. మెదక్ వెలుతురు ఇక అందదు. రాత్రి సిద్దిపేటలో ఉండాలి, మరో రోజు బండి అద్దె ఎవరిమీద పడాలని మళ్లీ మొదలైంది. డ్రైవర్ టీ గ్లాసు కింద పెట్టి, “రాత్రి పన్నెండు దాటితే ఎట్లాగూ ఇంకో రోజే కదా సార్” అన్నాడు. అడగని సంగతి అదే. ఊరు దాటిన బండికి రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. రాత్రికి రాత్రే గుంటూరు చేరినా ఆ మూడో రోజు కట్టాల్సిందే. ఇక మిగిలింది లాడ్జి ఖర్చు మాత్రమే: ఐదు గదులు, గదికి 1,200, మొత్తం 6,000. ఆ గదులకు అది దండగే. తలుపు గడియ కూడా సరిగ్గా పడదు.

సంస్కారం కోసం ఆగమన్నది మేమే కాబట్టి సగం మాది అన్నారు సి.ఎస్.ఐ. వాళ్లు, తలా 750. మిగతా పదిమందికి తలా 300. బల్లకు రాని మాకు ఎందుకని ఆర్.సి.ఎం. ఆయన నవ్వుతూనే అన్నారు, నవ్వుతూనే కట్టారు. ఆ లెక్క ఎవరికీ పూర్తిగా నచ్చలేదు.

పొద్దున మెదక్‌లో ఎండ బాగా కాసింది. చర్చి వెడల్పు 100 అడుగులు, పొడవు 200, గోపురం 175. కరవు రోజుల్లో జనానికి కూలీ, కూడూ దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర మొదలుపెట్టిన ఈ కట్టడం 1924 క్రిస్మస్‌కు పూర్తయింది. కట్టింది మెథడిస్టులు. ఇప్పుడు డోర్నకల్ లాగే ఇదీ సి.ఎస్.ఐ.దే. క్రీస్తు ఆరోహణం, జననం, సిలువ, మూడు కిటికీలూ నిండా రంగులు. ఫోటోల్లో చూసిన ఎరుపు వేరు, ఈ ఎరుపు వేరు.

వచ్చే ఏడాది నంద్యాల అంటున్నారు. ప్లాను మళ్లీ మాస్టారే వేస్తారట. డబ్బు సంచీ బాప్టిస్టు ఆవిడ దగ్గర.