సముద్రం కోసం వెళ్ళి సన్నికల్లు తెచ్చుకున్నాం

ఈసారి ఎక్కడికి వెళ్ళినా పరుగులు పెట్టకూడదని నేనూ మా వదినా ముందే గట్టిగా అనుకున్నాం. పోయినేడు మదురై, రామేశ్వరం, కన్యాకుమారి అయిదు రోజుల్లో చుట్టేసి వచ్చి, వారం రోజులు కాళ్ళు పట్టుకుని కూర్చున్నాం. వదినకు మోకాళ్ళ నొప్పులు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు కావాలి, అక్కడ బొమ్మలు వేసేవాళ్ళో చెక్కేవాళ్ళో ఉండాలి, సాయంత్రం పాటో ఆటో దొరకాలి, పొద్దున లేచి టైము చూసుకునే పని ఉండకూడదు. ఇదీ మా లెక్క. నేను గోకర్ణం అన్నాను. ఖమ్మం నుంచి రైళ్ళు మారుతూ పోలేనని వదిన కొట్టేసింది. మహాబలిపురమైతే రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున చెన్నై పక్కన తాంబరంలో దిగొచ్చు. అలా అది ఖాయమైంది.

"చెన్నై వాళ్ళు పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే ఊరది. మూడు రోజులు ఏం చేస్తారే?" అన్నాడు అన్నయ్య.

"ఏమీ చెయ్యం. కూర్చుంటాం" అంది వదిన.

జనవరి రెండో శనివారానికి టికెట్లు తీశాం. డిసెంబరు చివర్లో అక్కడ మొదలయ్యే నాట్యోత్సవం అప్పటికి ఇంకా నడుస్తుంటుంది, ఎండా తక్కువ. ఎవరైనా ఇలాగే అనుకుంటే ఒక్కమాట: మన ముక్కనుమ రోజు వాళ్ళకు కాణుం పొంగల్. ఆ రోజు చెన్నై చెన్నై అంతా ఆ ఒడ్డుకే వస్తుంది. దానికి ముందే వెళ్ళి వచ్చేయాలి.

తాంబరంలో ఆటో అతను పదిహేను వందలు అడిగాడు. అంతకు తగ్గనన్నాడు. సరేనని బయటికి నడిచి 515 కోసం నిలబడ్డాం. ముందు వైపు గులాబీ రంగు వేసిన బస్సు వచ్చింది. ఎక్కి వంద నోటు తీస్తే కండక్టరు వద్దని చెయ్యి ఊపి రెండు టికెట్లు చేతిలో పెట్టాడు. ఇక్కడ 2021 నుంచి ఆడవాళ్ళకు ఈ బస్సులు ఉచితం. మా దగ్గర మహాలక్ష్మి ఉచిత బస్సులో ఆధార్ లాంటి కార్డు చూపించాలి, అదీ తెలంగాణదై ఉండాలి. ఇక్కడ మేం ఎక్కడివాళ్ళమో ఎవరూ అడగలేదు. పదిహేను వందలు మిగిలినందుకన్నా, అలా అడగనందుకు నాకు కళ్ళు చెమర్చినంత పనయింది. కేళంబాక్కం, తిరుప్పోరూర్ మీదుగా గంటన్నరకు పైగా పట్టింది. కిటికీ పక్కన వదిన నిద్రపోయింది.

గది ఒత్తవాడై వీధిలో. ఫోన్లో మాట్లాడినప్పుడు చెప్పిన ధర వేరు, వెళ్ళాక చెప్పింది వేరు. "శనివారం రేటమ్మా" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. ఎనిమిది వందలు ఎక్కువ. శనివారమే వస్తున్నామని పదిరోజుల ముందే చెప్పాం కదా అంటే తలకాయ ఊపుతాడే గానీ జవాబు లేదు. వీకెండు అయితే ఏ రోజుకు ఎంతో వాట్సాప్‌లో రాయించుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను.

ఒత్తవాడై వీధి చూస్తే మొదట నాకు నచ్చలేదు. మేడల మీద కెఫేలు, వెదురు కుర్చీలు, వేలాడే కాగితం దీపాలు, భుజాన సర్ఫింగు పలకలు మోసుకుపోయే కుర్రాళ్ళు, ఏళ్ళతరబడి ఇక్కడికే వస్తున్నట్టుండే తెల్లజుట్టు విదేశీ ఆడవాళ్ళు. కాఫీ 180 రూపాయలు. చేపను పళ్ళెంలో పెట్టి తెచ్చి చూపించి ధర చెప్తారు. వాళ్ళ వంజిరమే మన వంజరం. ఒక్క ముక్క 450 అన్నాక, ఆ చేప మొహం చూసి దండం పెట్టి, రెండు వీధుల అవతల మెస్సులో ఇడ్లీలు తిన్నాం. ఆ కెఫేలకూ నీళ్ళకూ మధ్య జాలరుల పడవలు ఉంటాయి. వల బాగు చేసుకుంటున్న ముసలాయన పక్కనే ఎవరో కుర్రాడు గిటారు వాయిస్తున్నాడు. ఆయన ఆ కుర్రాడి వైపు చూడటం లేదు, విసుక్కోవటమూ లేదు. అక్కడే ఇసుకలో చీకటి పడేదాకా కూర్చున్నాం. నా చిరాకు కొంచెం కొంచెంగా దిగిపోయింది. రాత్రి నాట్యం చూశాం, బాగుంది. వదిన సగంలో నా భుజం మీద తల పెట్టేసింది.

అసలు చెప్పాలనుకున్నది ఆదివారం గురించి.

పొద్దున్నే నలభై రూపాయల టికెట్టు తీసుకుని తీర దేవాలయం, అదే టికెట్టు మీద బండరాళ్ళలోంచి గుళ్ళుగా చెక్కిన ఐదు రథాలు చూశాం. వాటి గురించి అందరికీ తెలుసు, నేను కొత్తగా చెప్పేది లేదు. ఒక్కటి మాత్రం. రామప్ప గుడి చూసి పెరిగిన కళ్ళతో వస్తే ఇక్కడ మొదట కాస్త వెలితిగా ఉంటుంది. రామప్ప నల్లరాయి స్తంభాల్లో మన మొహం కనబడుతుంది, నగల్లో దారం దూరే సందులుంటాయి. ఇక్కడి రాయి గరుకు, పైగా పదమూడు వందల ఏళ్ళ ఉప్పుగాలి. నేను ఆ మాటే అంటూ రథాల దగ్గర్నుంచి బయటికొచ్చాను. ఆ రోడ్డు పొడవునా శిల్పాల షెడ్లు. గ్రైండరు మిషన్ల మోత, తెల్లటి దుమ్ము. చెవులు మూసుకుని నడుస్తున్నాం. ఒక షెడ్డులో మాత్రం మిషను ఆగి ఉంది. లోపల్నుంచి ఉలి చప్పుడు. టింగ్, టింగ్, టింగ్, కాస్త ఆగి మళ్ళీ టింగ్.

వదిన నిలబడిపోయింది. "విన్నావా? మన ఇంటి ముందు రోళ్ళు కొట్టేవాళ్ళ చప్పుడు" అంది.

మా చిన్నప్పుడు ఏడాదికోసారి వీధిలోకి వచ్చేవాళ్ళు. రోలు, విసుర్రాయి, సన్నికల్లు నున్నబడితే గాట్లు పెట్టించుకునేవాళ్ళం. అమ్మ బియ్యమూ పాత చీరా ఇచ్చేది. వాళ్ళు కొడుతుంటే రాతి పొడి కంట్లో పడుతుందని మమ్మల్ని దూరంగా కూర్చోబెట్టేది.

మేం చూస్తూ నిలబడేసరికి లోపలున్నాయన "రండమ్మా, కూచోండి" అన్నాడు. తెలుగే. యాభై దాటి ఉంటాయి. యాదగిరిగుట్టలో గుడి కట్టేటప్పుడు రెండేళ్ళు పనిచేశాడట, అలా వచ్చిన తెలుగు. "అక్కడ చలి ఎక్కువ. జొన్నరొట్టె తిన్నా" అన్నాడు. మేం 2022లో గుడి మళ్ళీ తెరిచాక వెళ్ళి, ఆ మండపంలో రాయిని తాకి చూసి వచ్చినవాళ్ళమే. ఆ రాయి మీద ఈ చేతులు పనిచేశాయి. ఆ మాట వినగానే వదిన ఆయన చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది. బొటనవేలు పక్కన ఉలి ఆనే చోట చర్మం ఎండిన చింతబెరడులా ఉంది.

ఆయన చెక్కుతున్నది అమ్మవారి మొహం. మోటుపని అంతా మిషనుతో అయిపోయింది. ఎర్రకావితో గీతలు గీసుకుని, ముక్కూ పెదవులూ ఉలితో తీస్తున్నాడు. కళ్ళు అన్నిటికన్నా చివర అన్నాడు. ఉలిని వాళ్ళూ ఉలి అనే అంటారు, నాలుక కాస్త మడిచి. సుత్తి వాళ్ళకూ సుత్తే. నేను రాయి అంటే ఆయన కల్ అన్నాడు. మనకు కల్లంటే తాటిచెట్టుదని చెప్పబోయి ఆగాను. సన్నికల్లులో ఉన్న కల్లు ఇదే కదా! ఆ మాట నా నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉంది. దాని అర్థం అక్కడ, ఆ దుమ్ములో కూర్చుని తెలిసింది.

తర్వాత ఆయన రెండు రాళ్ళు పక్కపక్కన పెట్టి సుత్తితో తట్టి చూపించాడు. ఒకటి గంటలా మోగింది. ఆ నాదం ఆగాక కూడా చెవిలో ఉంది. రెండోది కుండ పగిలినట్టు టప్పుమంది. పైకి రెండూ ఒక్కలాగే ఉన్నాయి. గంటలా మోగేది పురుష శిల, దేవుడికి. కంచులా మెత్తగా పలికేది స్త్రీ శిల, అమ్మవారికి. పలకనిది విగ్రహానికి పనికిరాదు. "చూసి కొనకూడదు, విని కొనాలి" అన్నాడు.

రథాల రాయి గరుకుగా ఉందన్న నా మాట ఆయనతోనూ అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. మధ్యాహ్నం పని ఆపాక మమ్మల్ని కొండ మీద సగంలో వదిలేసిన గుహ దగ్గరికి తీసుకెళ్ళాడు. వదిన మెట్ల దగ్గర మూడుసార్లు కూర్చుంది, అయినా వచ్చింది. గోడ మీద గళ్ళు గళ్ళుగా లోతైన గాళ్ళు. ముందు ఆ గాళ్ళు తవ్వి, మధ్యలో నిలబడ్డ చదరపు ముక్కల్ని ఒక్కోటీ కొట్టేసేవారట. అలా చదరం చదరంగా లోపలికి. రథాలనైతే పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారట, శిఖరం ముందు, పునాది చివర. ఒక్క దెబ్బ తప్పితే సరిచేసుకోవడానికి ఇంకో రాయి లేదు. ఆయన తన వేలిని ఒక గాడిలో పెట్టి, "వేయి ఏళ్ళు దాటింది. నా ఉలి సరిగ్గా ఇందులో పడుతుంది" అన్నాడు. నేనూ వేలు పెట్టి చూశాను. లోపల చల్లగా ఉంది.

అప్పటి నుంచి నాకు ఐదు రథాలు వేరేగా కనిపించాయి. సాయంత్రం ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. రెండోసారి నలభై ఇచ్చాను, బాధ లేదు.

షెడ్డులో ఒక మూల చిన్నచిన్న అమ్మిక్కల్‌లు పేర్చి ఉన్నాయి. మన సన్నికల్లు, పొత్రం. వాళ్ళ పెళ్ళిళ్ళలోనూ పెళ్ళికూతురి కాలు దానిమీద పెట్టిస్తారట. వదిన కాళ్ళు మా ఇంట్లో సన్నికల్లు తొక్కినప్పుడు నాకు పన్నెండేళ్ళు, పక్కన పసుపు పళ్ళెం పట్టుకుని నేనే నిలబడ్డాను. ఆ సన్నికల్లు మా నానమ్మది. అపార్టుమెంటులోకి మారేటప్పుడు మోయలేమని పాత ఇంటి పెరట్లోనే వదిలేశాం. తర్వాత ఇల్లు కూల్చినప్పుడు మట్టితో పాటు లారీలో పోయింది. వదిన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు వంగి ఒక్కో రాయినీ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

పన్నెండు వందలన్నాడు. కూరగాయల బండి దగ్గర రెండు రూపాయలకు పోట్లాడే మనిషి, బేరం ఆడకుండా ఇచ్చేసింది. ఆయన కొత్తగా గాట్లు పెట్టి ఇచ్చాడు. ఎనిమిది కిలోలు ఉంటుంది. వదిన తన పాత చీరలో చుట్టింది.

సోమవారం చెన్నై వైపు పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు బస్సులో ఆ మూటతోనే ఇంజంబాక్కం దిగి చోళమండలం చూశాం. బొమ్మలు వేసేవాళ్ళు కట్టుకున్న ఊరది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులూ స్నేహితులూ కలిసి సముద్రం పక్కన ఇసుక నేల కొనుక్కున్నారు. మైనంతో గీసి రంగు వేసే బాతిక్ గుడ్డలు అద్ది, చేతిపనులు చేసి అమ్మిన డబ్బులతో నిలబెట్టుకున్నారు. చెట్ల కింద శిల్పాలు, లోపల చల్లటి గదుల్లో బొమ్మలు. నాకు సగం అర్థం కాలేదు. వదిన మాత్రం బాతిక్ సంగతి చదివించుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. ఆమె ఇరవై ఏళ్ళు జాకెట్లు కుట్టి పిల్లల్ని చదివించింది. "పగలు అన్నం కోసం గుడ్డ, రాత్రి మనసు కోసం బొమ్మ" అంది.

తిరువాన్మియూర్‌లో 91 ఎక్కి తాంబరం, అక్కడ రైలు. బెర్తు కింద రాయిని చూసి ఎదురు సీటాయన ఏమిటమ్మా అది అన్నాడు. వదిన ఊరి పేరు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది.

ఇంటికొచ్చాక ముందు రాళ్ళుప్పు వేసి నూరాం, కడిగాం. తర్వాత నానబెట్టిన బియ్యం. మొదటి వాయి బూడిదరంగులో వచ్చింది, పారబోశాం. రెండోదీ అంతే. మూడో వాయికి పిండి తెల్లగా వచ్చింది. వదిన వేలితో తీసి పళ్ళ మధ్య పెట్టుకుని చూసింది. ఇసుక తగల్లేదు. "అల్లం తీసుకురా" అంది.