మా ఊరి అవార్డులో నా అబద్ధం

2025 జూలై 17 సాయంత్రం గుంటూరు నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్క, ఫోన్. హలో కూడా అనలేదు. "ఏం వదినా, బెజవాడ గొప్ప, బెజవాడ గొప్ప అంటావుగా, మాకూ వచ్చింది చూసుకో" అంది. టీవీ పెడితే ఢిల్లీ విజ్ఞాన్ భవన్, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారు స్వచ్ఛ సర్వేక్షణ్ (ఊళ్ల శుభ్రతకి ర్యాంకులిచ్చే కేంద్రం సర్వే) అవార్డులు ఇచ్చిన వార్త. సూపర్ స్వచ్ఛ లీగ్ అని కొత్తగా పెట్టినదాంట్లో విజయవాడ, గుంటూరు, తిరుపతి మూడూ ఉన్నాయి. మాది పది లక్షల జనాభా దాటిన ఊళ్ల వరసలో, ఇండోర్, సూరత్, నవీ ముంబై పక్కన. వాళ్లది మూడు నుంచి పది లక్షల వరసలో.

"మీది చిన్న క్లాసులే వదినా" అన్నాను.

"చిన్న క్లాసైతే ఏం, ముందు బెంచీ" అంది.

మా ఇద్దరికీ పాతికేళ్లుగా ఇదే పని. ఎండ ఎక్కడ ఎక్కువ, బజ్జీలు ఎక్కడ బాగుంటాయి, పిల్లల్ని ఎక్కడ బాగా చదివిస్తారు, అన్నిటికీ పోటీయే. ఇప్పుడు చెత్త కూడా చేరింది.

ఈ లీగ్ సంగతి ఏంటంటే, ఏడేళ్లు వరసగా ఇండోరే ఫస్టు వస్తుంటే (2023లో సూరత్ కూడా పక్కన చేరింది) మిగతా ఊళ్లకి ఇంకేం ఉత్సాహం ఉంటుంది? అందుకని గడిచిన మూడేళ్లలో ఒక్కసారైనా మొదటి మూడు ర్యాంకుల్లో ఉండి, ఈసారి తమ వరసలో పై ఇరవై శాతంలో నిలబడ్డవాటిని విడిగా తీసి కూర్చోబెట్టారు. బడిలో బాగా చదివే పిల్లల్ని వేరే సెక్షన్లో వేస్తారు చూడండి, అలాగన్నమాట. మా ఊరు 2020లో నాలుగు, 2021లో మూడు, 2022లో ఐదు, 2023లో ఆరు. అంటే 2021 తర్వాత జారుతూనే వచ్చాం, ఆ ఏటి మూడో ర్యాంకు పుణ్యమా అని లీగులో సీటు దొరికింది. ఈ మాట వదినకి మాత్రం చెప్పలేదు.

కానీ నేను నిజంగా నోరు తెరిచింది వేరేదానికి. మేముండేది సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకి గండ్లు పడి మా వీధిలోకి నీళ్లొచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. మేం పైఅంతస్తు కాబట్టి బతికిపోయాం, కింద పోర్షన్ వాళ్ల ఫ్రిజ్జు గదిలో పడవలా తేలింది. నీళ్లున్నన్నాళ్లూ అన్నం పొట్లాల గురించే టెన్షన్, చెత్త గురించి ఎవరు ఆలోచిస్తారు. నీళ్లు తీశాక తెలిసింది అసలు కథ. పరుపులు, బీరువాలు, నానిపోయిన బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు, అన్నీ రోడ్డు మీదే, మోకాలెత్తు బురద, ముక్కు మూసుకున్నా ఆగని వాసన. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లు కడిగారు. వేరే వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికుల్ని దింపారు. మా వీధికి వచ్చినవాళ్లని ఏ ఊరమ్మా అనడిగితే ఏదో చెప్పారు, అప్పుడు నా బుర్రలో ఉండలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ కుప్పలన్నీ ఎత్తేశాక ఏడాది కూడా తిరక్కుండా అదే ఊరికి శుభ్రత బహుమతి. కాబట్టి ఊరికే వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఒప్పుకోవాల్సింది మాత్రం ఒకటుంది.

ఈ సర్వేలో మార్కులు ఆఫీసు కాగితాలు చూసి మాత్రమే వేయరు, జనాన్ని కూడా అడుగుతారు. ఆ సర్వే జరిగేటప్పుడు మా గుమ్మంలోకి ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. బండి రోజూ వస్తుందా? వస్తుంది. వీధి ఊడుస్తారా? ఊడుస్తారు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తున్నారా?

"ఇస్తున్నాం" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీ తాగారా అంటే తాగాం అంటాం కదా, అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి.

2021 అక్టోబరు 2న బెంజ్ సర్కిల్‌లో కొత్త చెత్త బండ్లకి జెండా ఊపాక ఇంటికి మూడు డబ్బాలు ఇచ్చారు. ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి, ఎర్రది బ్యాటరీలు, బ్లేడ్లు, డైపర్లలాంటి వాటికి. మా ఇంట్లో ఆకుపచ్చదాంట్లోనే అన్నీ పడేవి. నీలందాంట్లో చింతపండు. నవ్వకండి, మూత గట్టిగా పడుతుంది, పురుగు పట్టదు. ఎర్రదాంట్లో బట్టల క్లిప్పులు. మా మెట్ల మీద ఇంకో ఇంటివాళ్లు దాంట్లో కలబంద పెంచుతున్నారు, బాగానే వచ్చింది. చెత్త పన్ను మీద జనం ఎంత గోల చేశారో, దాన్ని తీసేశాక ఎంత సంబరపడ్డారో చూశాను గానీ ఈ డబ్బాల గురించి మాట్లాడినవాళ్లని చూళ్లేదు.

ఆ అమ్మాయి వెళ్లిన మర్నాడే అనుకుంటా, మా బండితో వచ్చే ఆవిడ మా సంచి విప్పి, సొరకాయ తొక్కుల్లోంచి పాల ప్యాకెట్లు ఒక్కొక్కటీ లాగి పక్కన వేస్తోంది. చేతికి గ్లౌజు ఒకటే ఉంది, రెండోది ఏదని అడిగితే చిరిగిపోయిందంది. మేం ఇంట్లో అర నిమిషంలో చేయాల్సిన పనిని ఆవిడ వీధిలో నిలబడి ఇంటింటికీ చేస్తోంది. తడిది విడిగా వెళ్తే ఎరువవుతుంది, పొడిది విడిగా వెళ్తే అమ్ముడుపోతుంది, కలిపితే రెండూ దండగ. గుంటూరు దగ్గర నాయుడుపేటలో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఉంది, మా ఊరి చెత్త కూడా అక్కడికి వెళ్తుంది. పొయ్యిలో పచ్చి కట్టె పెడితే ఏమవుతుందో మనకి తెలుసు. తొక్కుల్లో నీళ్లు ఆరడానికే సగం వేడి పోతుంది.

ఇదంతా వదినకి చెప్పాను. గట్టిగా నవ్వింది. "మీ చెత్తని మా వైపు తోలి ప్రైజు మీరు కొట్టారన్నమాట" అంది. కాసేపాగి, గొంతు తగ్గించి, "నన్నూ అడిగారు వదినా. నేనూ ఇస్తున్నామనే చెప్పాను" అంది. మొత్తానికి రెండు ఊళ్ల లెక్కా సమం.

అప్పట్నుంచి చింతపండు స్టీలు డబ్బాలోకి మారింది. వేరు చేయడం మొదలుపెట్టాం గానీ ఇల్లు కదా, సాగాలిగా. మా అబ్బాయి చిప్స్ కవరు ఏ డబ్బా దగ్గరగా ఉంటే దాంట్లో వేస్తాడు. మా ఆయన టీ పొడిని కవరుతో సహా పడేస్తాడు, అడిగితే "టీ పొడి పొడే కదా" అంటాడు, ఇదొక జోకు, రోజూ అదే జోకు. ఎర్ర డబ్బాలో క్లిప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర రోజున మా వీధిలో బ్యానరు పట్టుకుని నడుస్తారు, ఫొటోలు దిగుతారు, నేనూ ఒకసారి దిగాను. ఆ ఫొటోలో బండి ఆవిడ లేదు. పక్క వీధిలో పనిలో ఉంది.

ఈమధ్య మళ్లీ ఒకబ్బాయి వచ్చాడు, చేతిలో ఫోను, అవే ప్రశ్నలు. వేరు చేసి ఇస్తున్నారా మేడం అన్నాడు.

"వారంలో నాలుగు రోజులు ఇస్తాం బాబూ, మూడు రోజులు కుదరదు" అన్నాను.

"అలా లేదు మేడం ఇందులో. అవునా, కాదా, రెండే."

కాదని నొక్కమన్నాను. ఆ అబ్బాయి నా మొహంలోకి చూశాడు, ఇంకొకసారి అడిగాడు కూడా. లోపల్నుంచి మా ఆయన కేక: "ఏమేవ్, ర్యాంకు పోతే మా అక్క ఊరుకుంటుందనుకున్నావా?"