వీధి గుమ్మం లేని ఇల్లు

మెంఫిస్ నుంచి మిసిసిపీ రాజధాని జాక్సన్‌కి మూడు గంటల దారి. ఐ-55 హైవే ఎక్కితే తిన్నగా తీసుకెళ్ళి దింపుతుంది. దారిలో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, అందుకే నాన్న రెండుసార్లు నిద్రపోయి లేచాడు. ఖమ్మం నుంచి వచ్చి నెలన్నర అయింది. మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చిన లొరైన్ మోటెల్ చూసినప్పటి నుంచి, "ఈయనకంటే ముందు ఎవర్నైనా చంపారా?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను మెడ్గర్ ఎవర్స్ పేరు చెప్పాను, 1963లో జాక్సన్‌లో ఇంటి ముందే కాల్చేసిన నల్లజాతి హక్కుల నాయకుడు. ఆ ఇల్లు ఇంకా ఉందనగానే బయల్దేరదామన్నాడు. తీరా కారెక్కాక, "ఒక్క ఇల్లు చూడ్డానికి ఇంత పెట్రోలా?" అన్నాడు. రిటైరైన ఆర్టీసీ కండక్టర్. లెక్క ఎక్కడికి పోతుంది?

మార్గరెట్ వాకర్ అలెగ్జాండర్ డ్రైవ్‌లోకి తిరిగేసరికి టూర్‌కి ఇంకా అరగంట టైముంది. ఒకప్పుడు దీన్ని గైన్స్ స్ట్రీట్ అనేవారు. ఇదే వీధిలో ఉన్న కవయిత్రి పేరు తర్వాత పెట్టారు. నేను మ్యూజియం లాంటిది ఏదో ఊహించుకున్నాను. తీరా చూస్తే మామూలు కాలనీ. ఒక పెరట్లో ఆరేసిన దుప్పట్లు, ఇంకో ఇంటి ముందు బానెట్ ఎత్తిన పికప్ ట్రక్కు, ఎక్కడో కుక్క అరుపు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నల్లజాతి మధ్యతరగతి కోసం నల్లజాతి వ్యాపారులే వేసిన కాలనీ ఇది. మిసిసిపీలో అలాంటివాటిలో ఇదే మొదటిదంటారు.

కారు దిగి నాన్న ఆ లేత ఆకుపచ్చ ఇంటిని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశాడు.

"వీధి తలుపేదమ్మా?"

మా ఇల్లు కట్టేటప్పుడు సింహద్వారం ఎటుండాలని మేస్త్రీతో వారం రోజులు పోట్లాడిన మనిషి ఈయన. బోర్డు చదవకముందే అసలు సంగతి పట్టేశాడు. ఈ వీధిలో వీధి తలుపు లేని ఇల్లు ఇదొక్కటే. కావాలనే అలా కట్టించుకున్నారు. లోపలికి వెళ్ళాలంటే పక్కనున్న కారు షెడ్డులోంచే వెళ్ళాలి. మూల ప్లాటు వద్దని, రెండు ఇళ్ళ మధ్య ఉన్నది ఎంచుకున్నారు. కిటికీలు మామూలు కంటే ఎత్తున పెట్టించారు. పిల్లల పరుపులు నేలమీదే వేసేవారు, కిటికీలోంచి తూటా వస్తే పైనుంచి పోతుందని.

మెడ్గర్ ఎవర్స్ రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు. 1954 నుంచి మిసిసిపీలో ఎన్.ఎ.ఎ.సి.పి. అనే నల్లజాతి హక్కుల సంఘం తరఫున పూర్తికాలం పనిచేశాడు. ఊరూరా తిరిగి నల్లవాళ్ళని ఓటర్లుగా నమోదు చేయించడం, హత్యల మీద సాక్ష్యాలు వెతకడం ఆయన పని. 1963 మే చివర్లో ఎవరో ఈ కారు షెడ్డులోకి పెట్రోలు సీసా వెలిగించి విసిరారు. భార్య మిర్లీ తోట పైపుతో ఆర్పేశారు. రెండు వారాలు తిరగలేదు. జూన్ 11 రాత్రి కెన్నెడీ పౌరహక్కుల మీద టీవీలో మాట్లాడాడు. అది చూసి, వాళ్ళ నాన్న వస్తాడని మెడ్గర్ పిల్లలు మేలుకునే ఉన్నారు. అర్ధరాత్రి దాటాక మెడ్గర్ కారు దిగాడు. చేతినిండా టీషర్టులు, వాటిమీద "జిమ్ క్రో పోవాలి" అని రాసుంది. నల్లవాళ్ళని వేరుగా ఉంచే చట్టాలకి జిమ్ క్రో అని పేరు. వీధికి అవతల పొదల్లోంచి వీపులో కాల్చారు. చప్పుడు వినగానే పిల్లలు, నేర్పినట్టే, నేలమీద పాకుతూ బాత్‌రూమ్‌కి చేరారు. ఆయనకప్పుడు 37 ఏళ్ళు.

షెడ్డు గడప దగ్గర నాన్న చెప్పులు విప్పేశాడు. అక్కర్లేదని ఇల్లు చూపించే పార్క్ ఉద్యోగి, రేంజర్, చెప్పింది. నాన్న వినలేదు. ఆవిడా మళ్ళీ చెప్పలేదు.

లోపల మూడు పడకగదులు, చిన్న హాలు. నన్ను పట్టుకున్నది వంటగది. తూటా ఆయన్ని దాటి, హాలు కిటికీ పగలగొట్టి, గోడలోంచి దూసుకొచ్చి, ఫ్రిజ్‌కి తగిలి గట్టు మీద పుచ్చకాయ పక్కన పడింది. గోడకు ఆ కన్నం ఇంకా ఉంది. చిటికెనవేలు పట్టేంత. దాని పక్కన స్టవ్, గట్టు, సింకు, రోజూ మనం నిలబడే చోటే. లొరైన్ మోటెల్‌ని అద్దంలోంచి చూశాను. ఇక్కడ నా చెయ్యి వంటగట్టుకి ఆనుకుని ఉంది, గబుక్కున తీసేశాను.

హంతకుడు బైరన్ డి లా బెక్‌విత్ మీద 1964లో రెండుసార్లు విచారణ జరిగింది. జ్యూరీలో అందరూ తెల్ల మగవాళ్ళే. రెండుసార్లూ ఏకాభిప్రాయం కుదరలేదని వదిలేశారు. శిక్ష పడింది 1994లో. "ముప్ఫై ఏళ్ళు ఆయన భార్య తిరుగుతూనే ఉందన్నమాట," అన్నాడు నాన్న. కోర్టులంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు, మా పొలం కేసు పదకొండేళ్ళు నడిచింది.

ఆ తర్వాతి సంగతులు నాకు బయటే తెలిశాయి, రేంజర్ దగ్గర కొంత, పక్కింటి వసారాలో కూర్చున్న పెద్దావిడ దగ్గర కొంత. మిర్లీ 1964లో పిల్లలతో కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. 1993లో ఇల్లు టూగలూ కాలేజీకి ఇచ్చేశారు. అది నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన పాత కాలేజీ, పౌరహక్కుల ఉద్యమానికి అడ్డా. తర్వాత చాలా ఏళ్ళు ఎవరైనా చూస్తామంటే కాలేజీకి ఫోన్ చెయ్యాలి, ఆర్కైవ్స్‌లో పనిచేసే ఒకావిడ తాళం పట్టుకుని వచ్చి చూపించేవారు. నేషనల్ పార్క్ సర్వీసు చేతికి వచ్చింది 2020 డిసెంబర్‌లో. అంటే ప్రభుత్వం వచ్చేలోపు సుమారు పాతికేళ్ళకు పైగా ఈ ఇంటిని కాపాడింది ఒక చిన్న కాలేజీ, ఈ వీధీ. పాత ఇంటికి తాళం ఒక్కటే చాలదు. ఎవరైనా దూరుతున్నారా, గడ్డి పెరిగిందా, పైకప్పు కారుతోందా అని చూసేవాళ్ళు కావాలి. 2013లో ఈ కాలనీ మొత్తాన్ని చారిత్రక ప్రాంతాల జాబితాలో చేర్చారు. ఒక్క ఇంటినే కాక వీధినే గుర్తించడం నాకు సబబుగా తోచింది.

పెద్దావిడకి మా గురించి ఆసక్తి. ఇండియాలో ఎక్కడినుంచి, ఆ పెద్దాయన నీకేమవుతాడు అని అడిగింది. బస్సులొస్తే మా గడ్డిలో నిలబడి ఫొటోలు తీసుకుంటారని విసుక్కుంది, తర్వాత తనే, "ఎవరూ రాని రోజులకంటే నయం," అంది. నాకు ఇంకోటి గుర్తొచ్చింది. 1965లో వచ్చిన వలస చట్టం లేకపోతే మా ఆయనకి ఈ దేశంలో ఉద్యోగమే ఉండేది కాదు. ఆ చట్టం ఊడిపడింది ఈ ఉద్యమం మధ్యలోంచే. ఆవిడతో అనలేదు, అనడానికి మాట కుదరలేదు.

ఫొటో తీస్తుంటే ఆవిడ గట్టిగా అరిచింది, "నా ఇల్లు రానివ్వకు, గడ్డి కోయించలేదు!" నాన్నకి అర్థం కాలేదు. నవ్వి, వీధి మొత్తం వచ్చేలా వెనక్కి వెళ్ళి మరీ తీశాడు, ఆవిడ ఇంటితో సహా.

తిరుగు దారిలో బేట్స్‌విల్ దగ్గర గ్యాస్‌కి ఆగితే వాట్సాప్ మోగింది. ఖమ్మం నుంచి పెద్దత్త. "ఇందులో ఏదిరా ఆ ఇల్లు? అన్నీ ఒకేలా ఉన్నాయి."

నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు, "తలుపు కనిపించనిది చూడక్కా."