దిగడం వచ్చాక

మార్కాపురంలో మా నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రాతి బిళ్లను చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. ఖంగుమంటే ఒక పక్కన, బొదబొదమంటే ఇంకో పక్కన. పగులు కంటికి కనపడకపోయినా చెవికి తెలుస్తుందనేవాడు. పెళ్లయి నెల్లూరొచ్చిన పదహారేళ్లలో ఆ మాటతో నాకు పనే పడలేదు. ట్రంకు రోడ్డులో ఇనుప సామాన్ల షాపులో లెక్కలు రాసుకునేదానికి రాళ్లతో ఏం పని?

కొండలెక్కడం నేను ఇష్టంతో మొదలుపెట్టలేదు. షుగరు బోర్డర్‌లో ఉందన్నారు. ముందు రంగనాథస్వామి గుడి దగ్గర పెన్నా గట్టు మీద నడిచాను. తర్వాత కొంచెం కొంచెం పరుగు. ఒక తెల్లవారుజామున పాలక్యాన్ల బండి ఆపి ఒకాయన, "ఏమైందమ్మా, ఎవరన్నా తరుముతుండారా?" అన్నాడు. పాపం, నిజంగానే కంగారుపడ్డాడు. ఏం లేదన్నా, ఊరికే పరిగెత్తుతున్నానన్నాను. ఆ మాటతో ఇంకా అనుమానం పెరిగినట్టు నన్ను ఎగాదిగా చూసి వెళ్లాడు. చున్నీ నడుముకి ముడేసుకుని చీకట్లో పరిగెత్తే ముప్పై తొమ్మిదేళ్ల మనిషిని చూస్తే నేనైనా అంతే అనుకుంటాను.

ఆ గట్టు మీదే రైల్వేలో పనిచేసే ఒక అన్న పరిచయమయ్యాడు. వాళ్లు ఆరేడుగురు ఆదివారం నాలుగున్నరకి కలుసుకుని నరసింహకొండకి పోతారట. రమ్మన్నాడు. "మీ అత్తగారిని అడిగి రండి" అని కూడా అన్నాడు. ఆ ముక్కకి కోపమొచ్చింది కానీ, అడిగే వెళ్లాను.

నరసింహకొండ ఊరికి పదిహేను కిలోమీటర్లుంటుంది. పైన వేదగిరి లక్ష్మీనరసింహస్వామి. కశ్యపుడు ఇక్కడ యజ్ఞం చేశాడని, ఆ యజ్ఞవాటికే జనం నోట్లో నలిగి నది అవతల జొన్నవాడ అయిందని చెబుతారు. కొండమీద నిలబడి చూస్తే కింద పెన్న, ఇసుక మేటలు, పచ్చటి వరిమళ్లు. నేను మొదటిసారి అవేవీ చూడలేదు. ఎక్కడం ఎలాగో ఎక్కేశాను. దిగేటప్పుడు అందరూ మెట్లు వదిలి మేకల బాట పట్టారు. అక్కడ నాకు కాళ్లు బిగుసుకుపోయాయి. రాయి జారుతుందన్న భయంతో వెనక్కి వాలాను. వెనక్కి వాలితే పాదం ముందుకి జారుతుందని అప్పటికి నాకు తెలీదు. రెండుసార్లు కూలబడ్డాను, అరచేయి గీసుకుపోయింది. చివరికి కూర్చుని, జరుగుతూ జరుగుతూ దిగాను. కిందికొచ్చేసరికి డ్రెస్సు వెనక చిరిగింది. ఆ చున్నీ అప్పుడు అక్కరకొచ్చింది.

ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది, కాసేపు ఆగితే పోతుంది. దిగేటప్పుడు తొడలు బ్రేకుల్లా పనిచేస్తాయి. కండరం సాగుతూనే బరువాపాలి. అందుకే మర్నాటి కన్నా రెండో రోజు నొప్పి ఎక్కువ. ఆ వారం మా మేడ మెట్లు వెనక్కి తిరిగి దిగాను. మా అత్తమ్మ చూసి, "ఇదేం మొక్కు తల్లీ" అంది.

నేర్చుకోడానికి ఐదారు నెలలు పట్టింది. మోకాళ్లు కొంచెం వంచాలి, అడుగులు చిన్నవిగా వెయ్యాలి, చూపు పాదం మీద కాదు, మూడు నాలుగడుగుల ముందు ఉండాలి. ఇదంతా ఎవరైనా చెప్తారు. చెప్పనిది ఒకటుంది, అది నాకు నాన్న దగ్గరే దొరికింది. చీకట్లో, తలకి కట్టుకున్న లైటు వెలుగులో, బరువు మోపే ముందు పాదం ముందు భాగంతో రాయిని తట్టేదాన్ని. పాతుకున్న రాయి చప్పుడు వేరు, కదిలే రాయి చప్పుడు వేరు. ఒకసారి చెవి పట్టుకున్నాక కాలు దానంతటదే పక్కరాయికి పోతుంది. రైల్వే అన్నకి ఇది చెప్తే నవ్వాడు. తర్వాత వారం తనూ తడుతూ కనిపించాడు.

కొన్నాళ్లకి నన్ను వెనక మనిషిని చేశారు. అంటే అందరికంటే చివర ఉండి, మెల్లగా నడిచేవాళ్లను దింపుకుని రావాలి. ముందు అవమానమనిపించింది. వేగంలో చివరిదాన్నని ఇలా అన్నారేమో అనుకున్నాను. నిజానికి కారణం కొంత అదే.

పోయిన జనవరిలో ఉదయగిరి దుర్గానికి వెళ్లాం. నెల్లూరు నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కాబట్టి కొండ పచ్చగా ఉంటుంది. ఎండాకాలం ఆ రాళ్ల మీదికి నేను రాను, ఎవరు పిలిచినా సరే. కృష్ణదేవరాయలు 1513లో ఈ కోటను చుట్టుముట్టి, 1514లో గజపతుల దగ్గర్నుంచి గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టాడు. ఏడాది దాటినా కోట ఎందుకు లొంగలేదో ఎక్కితే తెలుస్తుంది. కూలిన గోడలు, మీద మసీదు, ముళ్ల పొదలు, దారిలాగే ఉండి లోయలో తేలే దారులు. మేకలు తోలుకునే పెద్దాయన, "ఆడ కాదు, ఈడ ఎక్కండి" అని కర్రతో చూపించకపోతే మేం అటే పోయేవాళ్లం.

దిగేటప్పుడు కోవూరు నుంచొచ్చే కాలేజీ అమ్మాయి సగం దారిలో కూర్చుండిపోయింది. "అక్కా, నా వల్ల కాదు" అని ఏడుపు. నాకూ ధైర్యమేం పొంగలేదు. మోకాలు ఒకటి లాగుతోంది. నీళ్లు తాగించి, "నా కాలు ఎక్కడ పెడితే అక్కడే పెట్టు, కిందికి చూడొద్దు, నా వీపు చూడు" అన్నాను. గంటన్నర పట్టింది. నేను తట్టిన ప్రతి రాయినీ తనూ తట్టింది, ఎందుకో అడగకుండానే.

కింద ఉదయగిరిలో చెక్క గరిటెలు కొన్నాం. ఆ ఊరికి అదే పేరు. అమ్మే ఆవిడ, "ఏ ఊరమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే రైల్వే అన్న, "మా నెల్లూరే, ఈమె చెప్తేనే మేం కొండ దిగుతాం" అన్నాడు. ఆవిడ ఒక్క రూపాయీ తగ్గించలేదు. పుట్టిల్లు మార్కాపురం అని నేను అన్నాక, "మా చెల్లెల్ని ఆడే ఇచ్చాం" అని పది రూపాయలు తగ్గించి, ఒక చిన్న ఉప్పు స్పూను ఊరికే సంచిలో వేసింది.