జీతానికి తోడు గానుగ నూనె, దానికి తోడు ఉద్దెర

"సైడు బిజినెస్ పెడదామనుకుంటున్నా అన్నా, ఏది పెడితే బాగుంటది?" అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే. మీ బావమరిది రెండు లీటర్ల క్యాను చేతిలో పట్టుకుని "పైసలు ఒకటో తారీకు ఇస్తా బావా" అంటే, కుదరదని ముఖం మీద చెప్పగలరా? చెప్పగలిగితే ఏ బిజినెస్ అయినా పర్వాలేదు. చెప్పలేమనుకుంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి, పెట్టుబడి, లోను, పేరు, లోగో అవన్నీ తర్వాత.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. సాయంత్రం పూట క్లాక్ టవర్ వైపు చిన్న దుకాణాల లెక్కలు కూడా రాస్తాను, అంటే పక్కవాళ్ల లాభనష్టాలు చూడడమే నా బతుకుదెరువు. ఇంట్లో నేనూ మా ఇంటామె కలిసి పల్లి నూనె అమ్ముతున్నాం. గానుగ మాది కాదు. గింజలు మావి, గానుగ కిరాయిది, వడపోసి సీసాల్లో నింపి అమ్మడం మళ్లీ మా పని.

పల్లి ఎందుకంటే అది మా కాళ్ల దగ్గర పండే పంట. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, ఇటు మా దిక్కు అంతా యాసంగిలో పల్లి వేస్తారు, సంక్రాంతికి అటూ ఇటూగా బాదేపల్లి, వనపర్తి మార్కెట్ యార్డుల్లో కుప్పలు పోస్తారు. పైగా గింజ ఎండితే నెలలు ఆగుతుంది, అది ఉద్యోగం చేసుకునేవాడికి చాలా పెద్ద విషయం. ఇదే సీతాఫలమైతే చూడండి, మన బాలానగర్ పేరుతో దేశమంతా తెలిసిన రకం, దసరాకు ముందు 44వ నంబరు హైవే పక్కన గంపలకు గంపలు దిగుతాయి, గిరాకీకి కొదవ లేదు, కానీ కాయ మెత్తబడిందంటే ఆ రోజే అమ్మాలి. పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసులో వేలిముద్ర వేయాల్సిన మనిషికి ఆ వ్యాపారం ఎట్లా కుదురుతుంది? నారాయణపేట చీరలు, గద్వాల చీరలు తెచ్చి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి అమ్మేవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. చీర పాడుకాదు, నిజమే, కానీ ఒక్కో చీరలో వేల రూపాయలు ఇరుక్కుంటాయి, కొనేవాళ్లేమో మూడు వాయిదాల్లో ఇస్తామంటారు. మళ్లీ ఉద్దెరే.

ఇప్పుడు లెక్క చూద్దాం, నాకు వచ్చిన విద్య అదొక్కటే కదా. లీటరు నూనె దిగాలంటే గానుగలో దాదాపు రెండున్నర కిలోల గింజలు పడతాయి, గింజ నాణ్యతను బట్టి కొంచెం అటూ ఇటూ. గింజలు కిలో 120 అనుకుందాం, అంటే 300. గానుగ కూలి 40, సీసా, మూత, లేబుల్ కలిపి 15. మొత్తం 355 అయింది. నూనె తీశాక కిలోన్నర దాకా పిప్పి, అంటే చెక్క మిగులుతుంది, బర్రెలున్నవాళ్లు కిలో 40కి తీసుకుంటారనుకుంటే 60 తిరిగి వస్తాయి. కాబట్టి లీటరు మనకు పడింది 295. దాన్ని 360కి అమ్మితే 65 మిగులుతాయి. బండి పెట్రోలు, కారిన క్యాన్లు, ఆదివారం పోయిన నిద్ర, ఇవేవీ ఈ లెక్కలో లేవు.

(మధ్యలో ఒక మాట. లీటరు పల్లి నూనె తూకం వేస్తే 910 గ్రాములే వస్తుంది. ఒక దగ్గర కిలో రేటు, ఇంకో దగ్గర లీటరు రేటు చూసి, వాడు తక్కువకు ఇస్తున్నాడు మీరు ఎక్కువ అంటున్నారని నాతో బేరమాడేవాళ్లు ఎక్కువైపోయారు.)

ఆ 65 రూపాయలను ఉద్దెర పక్కన పెట్టి చూడండి. ఒక్క లీటరు తీసుకుపోయిన మనిషి పైసలు ఇయ్యకపోతే పోయేది 65 కాదు, చేతి నుంచి పెట్టిన 295 పోతాయి. దాన్ని పూడ్చాలంటే ఇంకో నాలుగున్నర లీటర్లు నగదుకు అమ్మాలి. అంటే అయిదున్నర లీటర్లు అమ్మినట్టు పుస్తకంలో కనిపిస్తుంది, చెమట అయిదున్నర లీటర్లకూ పడుతుంది, చేతికి మాత్రం ఏమీ రాదు. నేను లెక్కలు రాసే ఒక దుకాణంలో అమ్మకాలు ఏటా పెరుగుతూనే ఉన్నాయి, ఓనరు మాత్రం సరుకు తేవడానికి ప్రతి నెలా మూడు రూపాయల మిత్తికి అప్పు తెస్తాడు. ఆయన లాభమంతా ఊళ్లో జనం దగ్గర రావాల్సిన బాకీగా ఉంది. అందులో సగం రాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, కానీ పుస్తకంలో అది ఆస్తి కిందే రాస్తాం.

సైడు బిజినెస్‌కు ఈ రోగం ఇంకా తొందరగా పడుతుంది. ఎందుకంటే బజార్లో దుకాణం ఉన్నవాడికి తెలియని గిరాకీ వస్తుంది, మనకు మాత్రం మొదటి గిరాకీ అంతా అయినోళ్లే. ఆఫీసులో పక్క సీటు ఆయన, మేనత్త, చెల్లెలి అత్తగారు, అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోరు వాళ్లు. "నీ దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర కొంటాం తమ్మీ" అని ప్రేమగా తీసుకుపోతారు, ఆ ప్రేమ చూసి మనం అడగలేం. జీతం వస్తుంది కదా, వీడికేం తక్కువ అని వాళ్ల లెక్క. నిజానికి జీతం ఉండడమే ఇక్కడ మనకు అడ్డం, దుకాణమే తిండి పెట్టేవాడైతే గల్లా పట్టి అయినా అడుగుతాడు.

అందుకని మా ఇంటామె ఒక పద్ధతి పెట్టింది. దగ్గరి చుట్టాలు అడిగితే పండుగకు అర లీటరు ఉత్తగానే ఇస్తాం. ఉద్దెర మాత్రం ఎవరికీ లేదు. మొదట్లో నాకు ఇది వింతగా అనిపించింది, ఉత్తగా ఇచ్చే మనిషి అప్పు ఎందుకు ఇయ్యడు అని. కానీ అర లీటరుకు 150 పోతాయని ముందే తెలుసు, ఆ రోజే ఖర్చులో రాసేస్తాం, మనసులో ఏమీ ఉండదు. ఉద్దెర అట్ల కాదు, పెళ్లిలో ఆ మనిషి ఎదురుపడిన ప్రతిసారీ మనమే ముఖం తిప్పుకోవాలి. ఒకరిద్దరు అలిగారు. అలిగినవాళ్లు ఎట్లాగూ పైసలిచ్చే రకం కాదు.

గిరాకీని ఊరి బయట వెతుక్కోవడం కూడా దీనికోసమే. హైదరాబాద్‌లో ఉండే పాలమూరు వాళ్లకు ఆర్టీసీ కార్గోలో పంపిస్తాం, పైసలు ముందే ఫోన్‌పేలో పడాలి, తెలియనివాళ్లు కాబట్టి ముందు అడగడానికి మొహమాటం లేదు, వాళ్లకూ అది మామూలే. వాళ్లు మళ్లీ అడగాలంటే సరుకు బాగుండాలి, అక్కడే అసలు చాకిరీ ఉంది. రిఫైన్డ్ నూనెను కంపెనీలో శుద్ధి చేసేటప్పుడు బూజు పట్టిన గింజల నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషం చాలా వరకు పోతుంది. గానుగ నూనెలో ఆ శుద్ధి ఉండదు. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, పగిలి రంగు మారినవి చేత్తో ఏరాల్సిందే. ఏరకుండా "స్వచ్ఛమైనది, మన తాతల నాటిది" అని స్టేటస్ పెట్టేవాళ్లను చూస్తే నాకు మండుతుంది.

కాగితాల పని జనం భయపడేంత లేదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర బేసిక్ రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి 100 రూపాయలు. వంటనూనె విడిగా, క్యాన్లోంచి కొలిచి పోసి అమ్మకూడదు, సీలు వేసి లేబుల్‌తోనే అమ్మాలి. లేబుల్ మీద పేరు, చిరునామా, పరిమాణం, తేదీ, ఎంఆర్‌పీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్‌తో అయిపోతుంది, దానికి వేలు అడిగే ఏజెంట్లను తరిమేయండి. జీఎస్టీ గురించి అప్పుడే టెన్షన్ వద్దు, తెలంగాణలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితేనే చిన్న వ్యాపారికి ఆ గొడవ. ఇన్నాళ్లూ ఆదాయపు పన్నుకు ఐటీఆర్-1 ఫారం వేసిన జీతగాళ్లు అంచనా పద్ధతిలో, అంటే అమ్మకంలో ఇంత శాతం లాభమని చూపిస్తే ఐటీఆర్-4కు మారాలి. అందులో నగదు అమ్మకం మీద కనీసం 8 శాతం లాభం చూపించాలి, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం చాలు, కాబట్టి క్యూఆర్ కోడ్ పెట్టుకోవడమే మేలు. ఆ క్యూఆర్ జీతం పడే ఖాతాకు కాకుండా వేరే ఖాతాకు పెట్టండి, లేకపోతే నూనె పైసలు పిల్లల స్కూలు ఫీజులో కలిసిపోతాయి, లాభమో నష్టమో దేవుడికి కూడా తెలియదు. సర్కారు కొలువులో ఉన్నవాళ్లకు మాత్రం ఇవేవీ వర్తించవు, 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు వాళ్లు కూడా అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీసి చదువుకోండి.

గొలుసుకట్టు స్కీములను సైడు బిజినెస్ అనేవాళ్లతో నేను మాట్లాడను. చిట్టీలు నడపడం కూడా అంతే.

ఇక అందరూ అడిగేది సొంత గానుగ ఎప్పుడు అని. చిన్న వ్యాపారులకిచ్చే ముద్రా లోన్లలో శిశు అనే రకం కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, 2020లో కేంద్రం చిన్న ఆహార పరిశ్రమలకు తెచ్చిన పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. వినడానికి బాగుంటుంది. కానీ మిషన్ వచ్చిందంటే అది రోజంతా తిరగాలి, అది తిరగాలంటే ఇంత నూనె ఎక్కడో ఒకచోట అమ్ముడుపోవాలి, అమ్ముడుపోకపోతే కిస్తీ భయానికి మనమే బావమరిదిని పిలిచి మరీ ఉద్దెర ఇస్తాం. నెలంతా పట్టించిన నూనెకు పైసలు ముందే పడే గిరాకీ దొరికేదాకా కిరాయి గానుగే. ఈ యాసంగి పల్లికైతే అదే ఖాయం, గానుగ ఆయనతో కూలి మాట్లాడేశాం, అయిదు రూపాయలు పెంచాడు.