ఎన్‌ఎస్‌2 ఎవరు?

పొద్దున ఆఫీసులో కూర్చోగానే టెన్షన్. రాత్రి వచ్చిన లావాదేవీల ఎక్స్‌ఎంఎల్ ఫైల్లోని (సమాచారాన్ని ట్యాగుల్లో పెట్టి రాసే ఫైల్) రిఫండ్లు ఒక్కటీ మా సిస్టమ్‌లోకి ఎక్కలేదు. తెరిచి చూస్తే అన్నీ ఉన్నాయి, మా పైథాన్ కోడే వాటిని గుర్తుపట్టలేదు. మొన్నటిదాకా రికార్డు ఏ రకమో చెప్పే ఎక్స్‌ఎస్‌ఐ:టైప్ అనే యాట్రిబ్యూట్‌లో (ట్యాగు లోపల పేరు, విలువ జతగా రాసేది) "పి:రిఫండ్" అని వచ్చేది, ఇప్పుడు "ఎన్‌ఎస్‌2:రిఫండ్" అని వచ్చింది, అంతే తేడా. పంపినవాళ్ల తప్పేమీ లేదు. కోలన్‌కి ముందుండే ప్రిఫిక్స్ అంటే ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు, అసలు పేరు దాని వెనకున్న యూఆర్‌ఐ, అంటే వెబ్ చిరునామాలా ఉండే గుర్తు. పేర్లు కలిసిపోకుండా ఇలా వేరుచేసే నేమ్‌స్పేసుల ప్రమాణం 1999లో వచ్చినప్పటి నుంచీ సంగతి ఇదే. ముద్దుపేరుతో పోల్చింది నేను రాసిన లైనే.

పైథాన్‌తో వచ్చే ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ ఎలిమెంట్‌ట్రీ, ట్యాగుల పేర్లనీ యాట్రిబ్యూట్ల పేర్లనీ యూఆర్‌ఐతో సహా విప్పి ఇస్తుంది గానీ, యాట్రిబ్యూట్ విలువ దానికి వట్టి అక్షరాలే. అందుకని ఫైల్‌ని ముక్కముక్కగా చదివే ఇటర్‌పార్స్‌లో, ప్రిఫిక్స్ ప్రకటించినప్పుడల్లా వచ్చే స్టార్ట్-ఎన్‌ఎస్ ఈవెంట్లు కూడా అడిగి, వచ్చిన ప్రతి ప్రిఫిక్స్‌నీ దాని యూఆర్‌ఐతో ఒక డిక్షనరీలో (జతల పట్టికలో) వేసుకుంటూ పోయాను. భోజనానికి ముందే పనైపోయిందనుకున్నా. రిఫండ్లు ఎక్కాయి, కానీ ఒక రికార్డు దాటాక మళ్లీ ఆగిపోయాయి. ఆ రికార్డు లోపల ఒక చిన్న ట్యాగు మీద అదే ఎన్‌ఎస్‌2ని వేరే యూఆర్‌ఐకి కట్టారు, అలా కట్టడం తప్పు కాదు కూడా. ఆ ట్యాగు మూసుకోగానే పాత అర్థం తిరిగి రావాలి కదా, నా డిక్షనరీలో మాత్రం కొత్తదే ఉండిపోయింది.

ఆ ప్రకటన చెల్లుబాటు ముగిసినప్పుడు వచ్చే ఎండ్-ఎన్‌ఎస్ ఈవెంట్లు కూడా పట్టుకుని స్టాక్ (చివర పెట్టినది ముందు తీసే దొంతర) కట్టుకోవచ్చు, సగం రాశాను కూడా. తర్వాత ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఇంకో పైథాన్ లైబ్రరీకి మారిపోయాను. దాంట్లో ఏ ఎలిమెంట్‌నైనా ఎన్‌ఎస్‌మ్యాప్ అడిగితే అక్కడ చెల్లే ప్రిఫిక్సులన్నీ, పైనున్న ట్యాగుల్లో ప్రకటించినవాటితో సహా, ఇచ్చేస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌లో పనిచేసే పక్క టీమ్ అమ్మాయి, వాళ్లు ఇదే పనికి గెట్‌నేమ్‌స్పేసెస్‌ఇన్‌స్కోప్ వాడతారని చెప్పింది, పేరులోనే పని తెలిసిపోతోంది, నాకు నచ్చింది.

అరగంట తిన్నది మాత్రం డిఫాల్ట్ నేమ్‌స్పేస్, అంటే ప్రిఫిక్స్ లేకుండా ప్రకటించేది. ప్రిఫిక్స్ లేని యాట్రిబ్యూట్ పేరుకి అది వర్తించదు, కానీ ఎక్స్‌ఎస్‌ఐ:టైప్ విలువలో ప్రిఫిక్స్ లేకపోతే వర్తిస్తుంది. ఒకే యాట్రిబ్యూట్‌లో పేరుకి ఒక నియమం, విలువకి ఇంకోటి! ఇది చదువుకునేవాళ్లని ఇబ్బంది పెట్టే నిర్ణయమే అని నా అభిప్రాయం. ఎన్‌ఎస్‌మ్యాప్‌లో డిఫాల్ట్‌కి కీ 'నన్' (పైథాన్‌లో 'ఏమీ లేదు') అని ఉంటుంది, దాన్ని విడిగా చూసుకోవాల్సి వచ్చింది.

ప్రిఫిక్స్ మార్చిన ఫైల్ ఒకటి, మధ్యలో మళ్లీ కట్టినది ఒకటి, అసలు ప్రిఫిక్సే లేనిది ఒకటి టెస్టుల్లో పెట్టి బయల్దేరాను. ఇవాళ్టి ఫైల్ పదకొండున్నరకి వస్తుంది, రిఫండ్లు ఎక్కాయో లేదో చూసి పడుకుంటా.