ఘంటసాల పాటలు, ఇంకొకరి గొంతులో

పదకొండున్నర దాటింది. ఈయన ఎప్పుడో పడుకున్నారు. నాకు నిద్ర పట్టేట్టు లేదు, ఇది రాసేస్తే తప్ప.

పెదబావగారు పొద్దున్నే గ్రూపులో ఒక లింకు పెట్టారు. ఎవరో కొత్త కుర్రాడు ఘంటసాల మాస్టారికి నివాళి అంటూ ఆయన పాటలు మళ్ళీ పాడి ఆల్బం చేశాడు. "కళ్ళు మూసుకుని వినండి, అచ్చు మాస్టారే!" అని కింద బావగారి మాట. ఇంక మొదలు. తోటికోడలు "పాత రికార్డుల్లో ఉండే ఆ బరబర లేదక్కా, కార్లో పెట్టుకుంటే ఎంత హాయిగా ఉందో" అంది. ఆడపడుచు చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టింది. గుడివాడ మావయ్య సంగతి మీకు తెలిసిందే, ఆయనకి టైపు చేసే ఓపిక ఉండదు, వాయిస్ మెసేజే. "మా తాలూకా చౌటపల్లిలో పుట్టిన మహానుభావుడర్రా ఆయన. ఆ పాటల జోలికి ఎవరూ పోకూడదు. గుళ్ళో మూలవిరాట్టుకి ఎవడైనా కొత్త ముక్కు అతికిస్తాడా?" అని అరిచినంత పని చేశాడు. ఆ తర్వాత కాసేపు గ్రూపంతా నిశ్శబ్దం. చివరికి డాలస్ నుంచి మా మేనకోడలు, "అత్తా, నువ్వు చెప్పు, బాగుందా లేదా?" అని నా మీదికి తోసింది.

సాయంత్రం గోంగూర ఒలుస్తూ మొత్తం విన్నాను. వింటున్నకొద్దీ చిరాకు పెరిగింది.

ముందుగా ఆ అనుకరణ. కుర్రాడి సొంత గొంతు సన్నంగా, తియ్యగా ఉంది. మొదటి పాటలో ఒకటి రెండు చోట్ల అది బయటపడింది కూడా. వెంటనే గెడ్డం కిందికి నొక్కిపెట్టి, ఛాతీలోంచి లేని బరువు తెచ్చిపెట్టుకుంటున్నాడు. మాస్టారి గాంభీర్యం గెడ్డంలో ఉందా? చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, విజయనగరం వెళ్ళి, ఇంటింటా అన్నం అడిగి మధూకరం ఎత్తుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్న మనిషి ఆయన. 1942 ఉద్యమంలో జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. ఆ గొంతు వెనక అంత బతుకుంది. పై శబ్దం ఒక్కటీ ఎత్తుకొస్తే పాట రాదు.

దేవదాసు పాట ఇంకా ఘోరం. తాగినవాడు పాడుతున్నాడు కదా అని మాటలన్నీ ముద్దముద్దగా నమిలేశాడు. 1953 నాటి ఆ రికార్డు పెట్టుకు వినండి, ఒక్క అక్షరమైనా నలిగిందేమో చూడండి. పాట రాసిన సముద్రాల వారి ప్రతి మాటా ఎక్కడికక్కడ నిలబడి ఉంటుంది. మత్తు అంతా స్వరం మీద వాలే తీరులో ఉంది, పలుకులో లేదు. బాణీ కట్టిన సుబ్బరామన్ గారు ఆ సినిమా విడుదల చూడకుండానే పోయారు. అలాంటి బాణీని ఇలా తేలిగ్గా ముట్టుకున్నారే అని బాధేసింది.

ఇక పుష్పవిలాపం, మమ్మల్ని కోయకండని పువ్వులు మొరపెట్టుకునే పద్యాలు. అసలు నన్ను కూర్చోబెట్టి ఇదంతా రాయిస్తున్నది అదే.

పద్యానికి రిథమ్ ప్యాడ్ పెట్టారు! మొదటి పద్యం మొదటి పాదం నుంచీ వెనక దడదడా ఒకటే కొట్టుడు. పద్యానికి తాళం కట్టడమేమిటి? పద్యం నడక పద్యంలోనే ఉంటుంది కదా. పాడేవాడు ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద నిలవాలో అర్థమే చెబుతుంది. స్టేజీ నాటకాల్లో పద్యం పాదానికో రాగాలాపన, వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదట్నుంచీ, ఆ సాగదీతలో పద్యం ఏమందో మర్చిపోయేవాళ్ళని మా తాతయ్య చెప్పేవాడు. మాస్టారు వచ్చి ఆ రాగాన్ని కత్తిరించారు. ముందు మాట వినపడాలి, భావం మనసుకి ఎక్కాలి, ఆ తర్వాత అవసరమైనంతే రాగం. సినిమా పద్యానికి ఆయన వేసిన దారి అది, తర్వాత వాళ్ళంతా దాని మీదే నడిచారు. ఇప్పుడీ ఆల్బంలో ఆ దారి మీద డ్రమ్ములు పరిచారు. పైగా మధ్యలో పద్యాలు ఎగరగొట్టేశారు. పువ్వు తన మాట పూర్తిచేయకుండానే ముగింపు సంగీతం వచ్చేసింది.

అది కూడా ఓర్చుకునేదాన్నేమో. పాట వివరాల్లో "రచన: సంప్రదాయం" అని ఉంది. సంప్రదాయమట! కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు గుంటూరులో పిల్లలకి తెలుగు చెబుతూ మన మధ్య తిరిగిన మనిషి, 1992 దాకా ఉన్నారు. ఈ పద్యాలున్న ఉదయశ్రీ పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. ఆయన రాసిన పద్యాలు ఎవరు రాశారో తెలియని జానపదాలైపోయాయా? మాయాబజార్‌లోని లాహిరి లాహిరి పాటకీ రాసిన పింగళి వారి పేరు లేదు, సంగీతం ఘంటసాల అని ఒక్క ముక్క పెట్టి వదిలేశారు. లాహిరి లాహిరి బాణీ సాలూరి రాజేశ్వరరావు గారిదని సినిమా పాటలు వినే ఎవరినడిగినా చెబుతారు. నివాళి అన్న మాట ఎంత పెద్ద అక్షరాలతో వేశారో, ఈ పేర్లు రాయడానికి మాత్రం చోటు లేకపోయింది!

ఇదంతా మేనకోడలికి రాద్దామని ఫోను తీసి, "మావయ్య చెప్పిందే నిజం, ఆ పాటలు ముట్టుకోకూడదు" అని మొదలుపెట్టాను. అంతలో టైలరు బాబాయి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

ఆయన గురించి ఇక్కడ ఎప్పుడూ రాసినట్టు లేను. మాకు చుట్టం కాదు, ఊరి వరస. మా వీధి చివర పెంకుటింటి అరుగు మీద ఆయన మిషను. జూన్ వచ్చేముందు పిల్లల స్కూలు బట్టలన్నీ అక్కడే. కొలతలు ఇచ్చాక కూడా మేం కదిలేవాళ్ళం కాదు, ఆయన పాటల కోసం. మిషను తొక్కుతూ అందుకునేవాడు. దారం తెగితే పాట ఆగేది. పళ్ళతో దారం కొరికి, సూదిలోకి ఎక్కించి, సరిగ్గా ఆగిన మాట దగ్గరే మళ్ళీ ఎత్తుకునేవాడు. ఆయనకి రేడియో ఉండేది కాదు. ఏలూరు వెళ్ళినప్పుడల్లా సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకాలు కొనుక్కొచ్చేవాడు. సినిమాలో ఒకసారి విన్న బాణీని ఆ పుస్తకం మీద నిలబెట్టుకునేవాడు. మాస్టారు పోయిన రోజున, 1974 ఫిబ్రవరిలో, మిషను మీద గుడ్డ కప్పేసి చెరువు గట్టు మీదికి వెళ్ళి కూర్చున్నాడని అమ్మ చెప్పేది. నేనప్పుడు బాగా చిన్నపిల్లని, నాకు జ్ఞాపకం లేదు.

నాకు బాగా తెలిసినవి నవమి పందిళ్ళు. తాటాకు పందిరి, కొబ్బరిచెట్టుకి కట్టిన మైకు హారను, పానకం బిందెలు, హార్మోనియం మీద మా ఊరి భజన గుళ్ళో పెద్దాయన. రాత్రి హరికథ అయ్యాక బాబాయిని పైకి పిలిచేవాళ్ళు. ఉతికిన తెల్లచొక్కా, ఆయనే కుట్టుకున్నది. మైకు ముందు నిలబడి పాటకి ముందు పేర్లు చెప్పేవాడు. "ఇది పింగళి నాగేంద్రరావు గారి రచన, పెండ్యాల నాగేశ్వరరావు గారి సంగీతం, ఘంటసాల వారు పాడారు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి." ఏ పాటకీ ఆ వరస తప్పేవాడు కాదు. పుష్పవిలాపానికైతే కరుణశ్రీ గారి పేరు చెప్పేటప్పుడు చేతులు జోడించేవాడు. ఆ పద్యాలు నడుస్తుంటే ఆడవాళ్ళ వైపు ముక్కులు చీదడం వినపడేది. మర్నాడు ఆ వీధిలో ఏ ఆడపిల్లా జడలో పువ్వు పెట్టుకునేది కాదు, మా అక్కతో సహా.

బాబాయికి ఉబ్బసం. జగదేకవీరుని కథలోని శివశంకరీ అందుకుంటే పై స్థాయికి ఎక్కే చోట ఊపిరి చాలేది కాదు. అక్కడ ఆయన కిందికి దిగిపోయేవాడు. కళ్ళు మూసుకుని, చెయ్యి గుండె మీద పెట్టుకుని, అదే మాటని మంద్రంలో, దేవుణ్ణి బతిమాలుకుంటున్నట్టు అనేవాడు. ఆ పాట నేను మొట్టమొదట విన్నది అలాగే. చాన్నాళ్ళకి విజయవాడ రేడియోలో అసలు పాట వచ్చింది. సరిగ్గా ఆ చోటుకి వచ్చేసరికి మాస్టారు పైకి వెళ్ళిపోయారు. నేను కిందికి దిగడం కోసం ఎదురుచూస్తున్నాను! దర్బారీ కానడ రాగం అంటే ఏమిటో, ఎక్కడం దిగడం ఏమిటో ఏమీ తెలియని వయసు. రేడియోలో ఆయన తొందరపడ్డారనిపించింది. అమ్మతో అంటే నవ్వింది. మాస్టారి శివశంకరి నా చెవికి అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. ఇప్పటికీ ఆ చోటు వస్తే నా లోపల ఒక గొంతు కిందికి దిగుతుంది.

మరి బాబాయి చేసింది ఏమిటి? ఆయనా ఇంకొకరి పాట పాడినవాడే. శ్రుతిపెట్టె లేదు, తబలా లేదు, పై స్థాయి అసలే లేదు. మావయ్య మాట ప్రకారం ఆయనకీ ఆ పాటలు ముట్టుకునే హక్కు లేదు. ఆయన ముట్టుకోకపోతే మా వీధి పిల్లలకి మాస్టారు ఎలా తెలిసేవారు? ఊళ్ళో రేడియో ఉన్న ఇళ్ళే తక్కువ. ఇలాంటి పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో, బస్సు కండక్టర్లు, టైలర్లు, తెలుగు మాస్టార్లు పాడిన పాటల మీదుగానే ఘంటసాల ఇంటింటికీ వెళ్ళారు. లేదు, మావయ్యతో నేను ఏకీభవించలేను. రాసిన ముక్క చెరిపేశాను.

అలాగని బావగారి వైపూ లేను. "అచ్చు మాస్టారే" అన్న మెప్పు నాకు మింగుడుపడటం లేదు. బాబాయిని ఎవరూ అచ్చు మాస్టారనలేదు. ఆయన ఆయనలాగే పాడాడు, అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆ గొంతు గుర్తుంది. ఏకవీరలో ప్రతిరాత్రి వసంతరాత్రి విన్నారు కదా. 1969లో మాస్టారు, బాలు కలిసి పాడింది, దేవులపల్లి వారి రచన, మహదేవన్ గారి సంగీతం. అప్పటికి బాలు సినిమాల్లోకి వచ్చి ఎన్నాళ్ళయిందని! అంత పెద్దాయన పక్కన నిలబడి కూడా ఆ కుర్ర గొంతు కుర్ర గొంతులాగే ఉంది, బరువు అరువు తెచ్చుకోలేదు. రెండు గొంతులూ విడివిడిగా వినపడతాయి, పాట మాత్రం ఒక్కటే. మాస్టారి మీద బాలుకి ఎంత భక్తో పాడుతా తీయగా చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఆ కార్యక్రమం పేరే మాస్టారి పాట. అంత భక్తి ఉన్న మనిషి అనుకరణ దారి పట్టలేదు.

ఈ ఆల్బంలోనూ ఒక పాట అలా ఉంది. మనసున మనసై. శ్రీశ్రీ రాసింది, డాక్టర్ చక్రవర్తిలోది. అక్కడ కుర్రాడు ఎందుకో గెడ్డం నొక్కడం మానేశాడు. డ్రమ్ములు లేవు, పియానో, వెనక ఒక వయొలిన్, అంతే. సన్నని సొంత గొంతుతో, పెద్ద ప్రయత్నమేమీ లేకుండా, పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడుతున్నట్టు పాడాడు. అత్తయ్యగారు పప్పు గిన్నె పక్కన పెట్టి, "ఎవరే ఆ అబ్బాయి? మళ్ళీ పెట్టు" అన్నారు. ఆవిడ ఈమధ్య ఏ పాటకీ అలా అడగలేదు. మళ్ళీ పెట్టాను. నాకూ బాగుంది, చాలా బాగుంది.

పన్నెండైంది. మేనకోడలికి ఇప్పుడే పంపాను: "ముందు మనసున మనసై విను, ఆ తర్వాత మాస్టారు పాడిన 1964 నాటిది విను, రెండూ దాచుకో. దేవదాసు పాట ఈ ఆల్బంలో వద్దు. పుష్పవిలాపం మాత్రం మాస్టారి గొంతులోనే మొత్తం విను, ఒక్క పద్యం కూడా వదలకుండా. అర్థం కాని మాటలుంటే ఆదివారం ఫోన్ చెయ్యి, చెబుతాను." మావయ్యకి జవాబు ఇవ్వలేదు, ఆయనతో ఎదురుగా కూర్చునే మాట్లాడాలి. ఆల్బం చేసినవాళ్ళ మెయిలు చిరునామా దొరికింది, వాళ్ళకీ రాశాను. రిథమ్ ప్యాడ్ గురించి ఏమీ అనలేదు, అది వాళ్ళ ఇష్టం. "సంప్రదాయం" అన్న మాట తీసేసి జంధ్యాల పాపయ్యశాస్త్రి అని పూర్తి పేరు వెయ్యమన్నాను. లాహిరి కింద పింగళి, సాలూరి పేర్లు కూడా.